మూత లేని ఇంజను, జాలీకి నిమ్మకాయ

డీజిల్ ధర పెరిగినప్పుడల్లా నా విలువ కొద్దిగా పెరుగుతుంది. ఇందులో నా గొప్పేమీ లేదు. చమురు ధర మండిపోయినప్పుడల్లా ప్రపంచంలో ఏదో ఒక మూల ఎవరో ఒకరు మూత లేని విమానం ఇంజన్లను అటక మీంచి దింపి దుమ్ము దులుపుతారు. వాటి గురించి బాన్సువాడలో రెండు ముక్కలు చెప్పగలిగింది నేనొక్కణ్ణే. అదీ ఎవరైనా అడిగితే. రెండు వేల సంవత్సరం దాటాక ఒక ఏడాది అలాగే జరిగింది. బస్టాండు ముందు హోటల్లో చాయ్ తాగుతూ పేపరు తిప్పుతుంటే, లోపలి పేజీలో పసుపు మచ్చ పడ్డ మూలన చిన్న వార్త కనిపించింది. ఆ ఇంజన్ల మీద మళ్ళీ ప్రయోగాలు మొదలయ్యాయట. ఆనందం పట్టలేక బావకు ఫోన్ చేశాను. బావంటే మా అక్క భర్త. కోటగిరి దారిలో, కాలువ కింద వరి పండిస్తాడు.

"బావా, మన ఇంజను మల్ల వస్తుందట."

బావ అడిగింది ఒకటే.

"జాలీ ఉన్నదా దానికి?"

"లేదు."

"మీ అక్కకు చెప్పకు" అని పెట్టేశాడు.

బావ అలా ఎందుకన్నాడో చెప్పాలంటే తొంభైల నడుమకు పోవాలి. అంతకంటే ముందు ఆ ఇంజను సంగతి కొంచెం చెప్పాలి. విసుగు రానంత చెబుతాను. పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన వాణ్ణి, ఎవరికి ఎప్పుడు ఆవులింత వస్తుందో తెలుసు.

మామూలు జెట్ ఇంజనుకు ముందు పెద్ద ఫ్యాను ఉంటుంది, దాని చుట్టూ డ్రమ్ములాంటి తొడుగు ఉంటుంది. ఫ్యాను పెద్దదైన కొద్దీ అది ఎక్కువ గాలిని నిదానంగా వెనక్కి నెడుతుంది, ఇంధనం మిగులుతుంది. అయితే ఫ్యానుతో పాటు తొడుగూ పెరుగుతుంది, బరువవుతుంది, ఎదురుగాలికి అడ్డం పడుతుంది. అందుకని కొందరు ఆ తొడుగునే తీసి అవతల పెట్టారు. కొడవళ్ళలా వంకర తిరిగిన రెక్కలు రెండు వరసలుగా, ఒకటి ఇటు తిరిగితే ఇంకొకటి అటు తిరుగుతూ, పట్టపగలు అందరికీ కనబడేలా. ఎనభైల చివర్లో ఎగరేసి కూడా చూశారు. ఇంధనం నిజంగానే మిగిలింది. కాకపోతే మోత భరించలేనంత. రెక్క విరిగితే ఆపడానికి చుట్టూ ఏమీ లేదు కాబట్టి విమానం గోడకే కవచం కట్టాలి. మిగిల్చిన బరువులో కొంత అక్కడికే పోతుంది. అంత పెద్ద ఫ్యాను విమానం రెక్క కింద పట్టక తోక దగ్గర పెట్టాల్సి వచ్చేది, అక్కడ అది తోకను వణికించేది. ఇవన్నీ దాటినా, కిటికీలోంచి చూసిన ప్రయాణికుడు ఇదేదో తాతల నాటి విమానం అనుకుని దిగిపోతాడేమోనన్న భయం ఒకటి.

హైదరాబాదులో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చివరి ఏడు నేను ఈ ఇంజన్ల మీదే ప్రాజెక్టు రాశాను. నా చదువు పూర్తయ్యే వేళకు చమురు చౌకబడింది. ఇంజన్లను పక్కన పెట్టారు, నన్ను కూడా. బాన్సువాడకు వచ్చి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరాను. ఏరోనాటికల్‌లో ఏరో ఎగిరిపోయి నాటు మిగిలింది.

ఊళ్ళో నా చదువు మీద అందరికీ అనుమానమే. "విమానం నడుపుతవా సారూ?" నడపను. "మరి చేస్తవా?" చెయ్యను. "ఎక్కినవా ఎన్నడన్న?" లేదు. అక్కడితో మాట ఆగిపోయేది, చూపు మాత్రం కాసేపు నా మీదే ఉండేది. నాకూ వాళ్ళ మీద కాకపోయినా తిరిగే ప్రతి వస్తువు మీదా అనుమానం పట్టుకుంది. విమానం దక్కని వాడికి దక్కేది అనుమానమే కదా. ఆ ఇంజన్ల ప్రమాదాల గురించి అన్నేసి పేజీలు చదివినవాడు సీలింగు ఫ్యాను కింద నిద్రపోలేడు. మంచాన్ని కొంచెం పక్కకు జరుపుకుంటాడు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ దీన్ని వేరేగా అర్థం చేసుకుని కొన్నాళ్ళు మాట్లాడలేదు.

అలాంటి నాకు మా బావ కల్లంలో ఒక ఫ్యాను ఎదురైంది. అప్పటికింకా కోత మిషన్లు మా వైపు రాలేదు. ట్రాక్టరుతో తొక్కించిన వడ్లను ఫ్యాను గాలికి తూర్పారబట్టేవాళ్ళు. ట్రాక్టరు వెనక బెల్టుతో తిరిగే నిలువెత్తు ఫ్యాను, దానికి రేకు రెక్కలు, రెక్కల చుట్టూ ముందూ వెనకా ఇనుప తీగల జాలీ. ఫ్యాను ముందు ఎత్తుపీట ఎక్కి ఒకరు చాటతో వడ్లు పోస్తుంటే గట్టి గింజ కింద పడుతుంది, తాలు ఎగిరిపోతుంది. కల్లం మొదలుపెట్టే రోజు కూలీల్లో పెద్దదైన అవ్వ ఆ జాలీకి ఒక నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కట్టేది. కట్టందే ఎవరూ చాట పట్టేవాళ్ళు కాదు.

ఆ యాసంగి పంట నూర్పిళ్ళప్పుడు ఒక ఆదివారం అక్క నాకు అన్నం పెడుతూ ఉన్నట్టుండి అడిగింది.

"తమ్మీ, నువ్వు పట్నంల ఏం ఇంజను మీద రాసినవ్? ఇన్నేండ్లయె, ఏందో చెప్పనే లేదు."

నన్ను అది అడిగిన మొదటి మనిషి ఆమె. పరవశించి మొత్తం చెప్పాను. గాలి, రెక్కలు, తొడుగు, ఆదా, కష్టాలు, అన్నీ. అక్క నెయ్యి వేస్తూ శ్రద్ధగా విన్నది. ఇంత శ్రద్ధ ఎందుకో అని అప్పుడే అనుమానించాల్సింది. పొగిడేవాళ్ళను అనుమానించడం మాత్రం నాకు ఇప్పటికీ చేతకాదు.

తర్వాత ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. ముందు అక్క గొంతు. బజారు పని మీద బాన్సువాడ వచ్చి మా ఇంట్లో కూర్చుని మాట్లాడుతుంటే పక్కింటావిడ తొంగి చూసింది, కొట్లాట ఏమైనా జరుగుతోందేమోనని. "మెల్లగ మాట్లాడవే" అని అమ్మ అంటే "ఏందీ?" అన్నది అక్క. మళ్ళీ అంటే మళ్ళీ "ఏందీ?" అన్నది. ఆమె వెళ్ళాక అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"దాని చెయ్యి చూసినవా? మోచెయ్యి దాక వాచింది. జుట్టు నిండ తాలే. కల్లంల అదొక్కతే చాట వడుతున్నదట. కూలోళ్ళు ఏమయిన్రు? అల్లునికి ఏమన్న పుట్టిందా?"

ఎప్పుడూ ఆడవాళ్ళు వంతులేసుకుని చాట పట్టేవాళ్ళు. ఇప్పుడు అక్క ఒక్కతే ఎందుకు? కూలీలను తగ్గించి పెళ్ళాంతో చేయిస్తున్నాడా? పదేళ్ళుగా బావను మంచివాడనే అనుకున్నాను. అందులో పునరాలోచనకు తావుందనిపించింది.

తర్వాతి ఆదివారం నుంచి అక్క వాళ్ళింటికి కళ్ళు పెద్దవి చేసుకుని పోవడం మొదలుపెట్టాను. చూస్తే బావ నడవడిక కూడా తేడాగానే ఉంది. నేను వచ్చే వేళకు ఫ్యాను మోతే ఉండేది కాదు. నా స్కూటరు కాలువ గట్టు ఎక్కగానే కల్లం వైపు నుంచి అవ్వ దగ్గు వినబడేది. గట్టు దిగే వేళకు బావ ఎదురొచ్చి స్కూటరు హ్యాండిలు పట్టుకుని "నేను పెడత తియ్, నువ్వు పో, చాయ్ తాగుపో" అనేవాడు. బామ్మర్దికి ఇంత మర్యాద చేసే బావ ఏ దేశంలోనూ ఉండడు. చాయ్ తాగి కల్లానికి పోతే ఫ్యాను ఆగి ఉండేది, జాలీ దాని మీదే ఉండేది, నిమ్మకాయ జాలీకి ఉండేది. అన్నీ ఎక్కడివక్కడ ఉండటమే నాకు నచ్చలేదు. పైగా ఇంతకు ముందు గట్టు దాకా పోయి పడే తాలు ఇప్పుడు గట్టు దాటి బర్రెల కొట్టం కప్పు మీద పడి ఉంది.

"పొద్దుగాల్నుంచి నడుస్తనే ఉన్నది, ఇప్పుడే ఆపినం" అన్నాడు బావ, నేను అడగకుండానే.

నేను వంగి నిమ్మకాయను చూశాను. కల్లంలో ప్రతి దాని మీదా పొట్టు ఉంది: ట్రాక్టరు మీద, బావ మీసాల మీద, నీళ్ళ కుండ మూత మీద. నిమ్మకాయ మాత్రం కడిగి పెట్టినట్టుంది. దాని పక్కన జాలీ మూలన సాలెగూడు, గూటి మధ్యలో సాలీడు హాయిగా కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి వీచిన గాలికి చలించనిది ఆ ఊరు మొత్తంలో అదొక్కటే అన్నమాట.

భోంచేసి వచ్చేశాను. బావ మెడలో తువ్వాలు చూస్తే చాలు, దాని వెనక ఏం దాచాడో అనిపించేది.

బుధవారం కాలేజీకి సెలవు పెట్టాను. స్కూటరును కాలువ వంతెన దగ్గర ఆపి, మిగతా దూరం నడిచాను. నా స్కూటరుకు సైలెన్సరు పేరుకే ఉండేది. దొంగను పట్టడానికి దండోరా వేసుకుంటూ పోకూడదు కదా. కానీ ఆ జాగ్రత్త అక్కర్లేకపోయింది. కల్లం ఇంకా కనబడకముందే ఫ్యాను మోత చెవుల్లో పడింది. మామూలుగా అది గుయ్యిమంటుంది. ఇప్పుడది అరుస్తోంది. నేను బ్యాండు మేళంతో వచ్చినా ఎవరికీ వినబడేది కాదు.

గట్టు దిగితే కనబడింది. ఫ్యానుకు జాలీ లేదు. రెక్కలు ఎండలో తెల్లటి చక్రంలా తిరుగుతున్నాయి. దాని ఎదురుగా ఎత్తుపీట మీద, కొంగు బిగించి, మా అక్క. మిగతా ఆడవాళ్ళు ఫ్యానుకు ఒక పక్కగా, నీళ్ళ కుండ దగ్గర కూర్చుని చాటలు నింపి అందిస్తున్నారు. బావ ట్రాక్టరు మీద ఉన్నాడు.

"అక్కా!" అని అరిచాను. ఎవరూ చూడలేదు. "బావా! ఆపు!" అని గొంతు చించుకున్నాను. నా గొంతు నాకే వినబడలేదు. పాఠం చెప్పేటప్పుడు కూడా ఇంత అన్యాయం ఎప్పుడూ జరగలేదు. చేతులు ఊపుతూ పరుగెత్తాను. చివరికి అవ్వ చూసి, అలవాటు కొద్దీ దగ్గింది. ఆ దగ్గు కూడా ఎవరికీ వినబడలేదు. ఆమె లేచి బావ మీదికి గుప్పెడు వడ్లు విసిరింది. ఇంజను ఆగింది.

"ఏం బావా ఇది?" అన్నాను ఆయాసపడుతూ. "ఆడిమనిషిని గా రెక్కల ముందట నిలబెట్టి నువ్వు సీటు మీద కూసుంటవా? సిగ్గనిపిస్తలేదా?"

బావ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నన్నంటవేంది బామ్మర్దీ? జాలీ ఎవ్వరు తీసిన్రో మీ అక్కనడుగు."

"నేనే తీయించిన" అంది అక్క పీట మీద నుంచి. "ఎందుకు ఒర్లుతున్నవ్? మెల్లగ మాట్లాడు."

అంతసేపటిలో మెల్లగా మాట్లాడమన్నది ఆమే, అదీ అరుస్తూ.

"నువ్వా?"

"నువ్వే చెప్తివి గద. మూత తీస్తె గాలెక్కువ, డీజిల్ తక్కువ అని. నిరుడు వడ్లు పట్టక ముందే వానొచ్చె. మొలకలొచ్చిన వడ్లు బర్రెలకు పెట్టినం. ఈయేడు మల్ల మబ్బులు చూడు. జాలీ ఉంటె దినానికి రెండు కుప్పలు పడతయి, తీస్తె మూడు పడతయి."

"నేను కష్టాలు గూడ చెప్పిన కదక్కా! మోత, వణుకుడు, రెక్క ఇరిగితె ఆపేదేం లేదని..."

"చెప్పినవేమో. నోట్ల ముద్ద పెట్టుకొని చెప్తివి. డీజిల్ ముచ్చట చెప్పేటప్పుడు నీల్లు తాగినవ్, గది మంచిగ ఇనబడ్డది."

ఆడవాళ్ళు నవ్వారు. బావ కూడా నవ్వబోయి, అక్క మొహం చూసి మానుకున్నాడు.

"మరి నాకు దాచుడెందుకు? ఆదివారం ఆదివారం జాలీ తగిలించుడెందుకు?"

"నీకు తెలిస్తె అమ్మకు చెప్తవ్" అంది అక్క. నాకు ముప్పై దాటాయి, ఆమెకు నలభై వస్తున్నాయి. అయినా కారణం సరిగ్గానే ఉంది. నేను చెప్పేవాణ్ణే.

"మరి నువ్వొక్కతివే ఎందుకు చాట వడుతున్నవ్? వీళ్ళంత లేరా?"

అక్క చాటలో తాలు వేరుతున్నట్టు చేసింది. అవ్వే అందుకుంది.

"మమ్ముల రానిస్తలేదు బిడ్డా. జాలీ తీసినకాంచి ముందట నేనే నిలబడత అంటది. ఏమన్నయితె నాకే కావాలె, మీరు పక్కకు కూసోన్రి అని. నేనేమంటున్న? నిమ్మకాయ జాలీకి కట్టినం. జాలీ కొట్టంల ఉన్నది. మనమేమో ఈడ ఉన్నం. గది కొట్టాన్ని కాపాడుతుందా, మనల్ని కాపాడుతుందా?"

నేను పీట మీదున్న అక్కను చూశాను. తర్వాత ఫ్యానును చూశాను. తర్వాత పక్కన నీళ్ళ కుండ చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళను చూశాను. చదివిన పేజీలన్నీ ఒక్కసారిగా ఒంట్లోకి వచ్చి చల్లగా తగిలాయి.

"అక్కా" అన్నాను. ఈసారి నిజంగానే మెల్లగా, నోట్లో ముద్ద లేకుండా. "ఇరిగిన రెక్క ముందటికి రాదు. పక్కకు పోతది."

ఆమెకు అర్థం కాలేదు.

"వడిసెల తిప్పి ఇడిస్తె రాయి ఎటు పోతది? తిప్పినోని నెత్తి మీదికి వస్తదా? పక్కకు ఇసిరినట్టు పోతది. విమానంల గూడ గంతే. గా ఇంజన్లకు ముందట కాదు, పక్కన కూసున్నోళ్ళ దిక్కే కవచం కట్టాలె."

అక్క పీట దిగింది. ఫ్యాను దగ్గరికి పోయి రెక్క చివరి నుంచి కుండ దాకా కళ్ళతో గీత గీసినట్టు చూసింది. ఆ గీతలోనే అవ్వ కూర్చుని ఉంది. అవ్వ కూడా తన చుట్టూ ఒకసారి చూసుకుని, కుండ తీసుకుని, ట్రాక్టరుకు అవతల వైపు నడిచింది. మిగతావాళ్ళు ఆమె వెంట లేచారు.

"ఇగ పట్టుడు బంద్" అంది అక్క. నా వైపు తిరిగింది. "గని వానైతె బంద్ కాదు తమ్మీ. జాలీ ఉండాలె, గాలి తగ్గొద్దు. నీ చదువుల గసొంటిది ఏమన్న ఉన్నదా?"

ఉందో లేదో నాకే అనుమానం. అయినా మరుసటి రోజు పొద్దున్నే బావా నేనూ ఫ్యానును, జాలీని ట్రాక్టరు మీదేసుకుని బాన్సువాడలో వెల్డింగు దుకాణానికి పోయాం. రెక్కల చుట్టూ వేళ్ళు పట్టేంత దూరంలో మందపాటి రేకు పట్టీ బిగించమన్నాను. ముందూ వెనకా జాలీ కండ్లు పెద్దవి చెయ్యమన్నాను, చెయ్యి మాత్రం దూరకూడదన్నాను. దుకాణదారు కళ్ళద్దాలు పైకి నెట్టాడు.

"సార్, మొన్న బావగారు చెప్పిండు. విమానంల మూత తీస్తె మంచిదంటివట. ఇయ్యాల మూత పెడితె గాలి పెరుగుతది అంటున్నవ్. ఏదన్న ఒక్కటి చెప్పు."

రెండూ నిజమేనని చెప్పాను. ఆకాశంలో దూసుకుపోయే ఇంజనుకు తొడుగు బరువు. కల్లంలో కదలకుండా నిలబడ్డ ఫ్యానుకు అదే బలం. రెక్కల చివర్ల నుంచి పక్కకు జారిపోయే గాలిని ముందుకు మళ్ళిస్తుంది. ఆయన బావ వైపు చూశాడు. బావ ఆకాశం వైపు చూశాడు. నా మీద నమ్మకంతో కాదు, మబ్బులు ఎంత దూరంలో ఉన్నాయోనని.

రెక్కలు ఊడదీసినప్పుడు ఒక రెక్కకు బోల్టు రంధ్రం దగ్గర సన్నటి గీత కనబడింది. పగులని నేనన్నాను. "పానా జారి గీసుకున్నది" అన్నాడు బావ. దుకాణదారు గోటితో గీకి, "కావచ్చు" అన్నాడు. ఎవరి మాటకు కావచ్చో చెప్పలేదు. అది గీతో పగులో ఇప్పటికీ తేలలేదు. కొత్త రెక్క వేయించి, పాతదాన్ని అక్కకు చూపించాం. ఆమె బొటనవేలు దాని మీద ఒకసారి పోనిచ్చి, కొట్టం గూట్లో పెట్టింది. ఆ మధ్యాహ్నం ట్రాక్టరు మీంచి జాలీని తనే మోసుకొచ్చి తనే బిగించింది. అవ్వ పాత నిమ్మకాయ తెంపేసి కొత్తది కట్టింది.

ఫ్యాను నడిచింది. మోత కొంచెం తగ్గినట్టే ఉంది, నా ఆశ కూడా కావచ్చు. అక్క మొదటి చాట పోసి, తాలు ఎక్కడ పడిందో చూసి, "పర్వలే" అంది. ఆమె "పర్వలే"ను నేను ఇంతవరకూ కొలవలేకపోయాను. నా పెళ్ళిచూపులప్పుడూ అదే మాట అంది. తర్వాత చాటను పక్కనున్న ఆమెకు ఇచ్చి, ఆ యాసంగిలో మొదటిసారి పని నడుస్తుండగా పీట దిగి నీళ్ళు తాగింది.

వాన శుక్రవారం రాత్రి వచ్చింది. అప్పటికి చివరి కుప్ప ఒకటే మిగిలింది, దాని మీద పట్టా కప్పారని బావ కబురు పంపాడు. గాలి నిజంగా పెరిగిందా, లేక అందరూ వంతులేసుకోవడం వల్ల పని పెరిగిందా అని అడిగి పంపాను. దానికి జవాబు రాలేదు.

ఆదివారం కాలువ గట్టు ఎక్కాను. దగ్గు వినబడలేదు. బావ ఎదురు రాలేదు, స్కూటరు నేనే పెట్టుకున్నాను, చాయ్ తాగమని కూడా ఎవరూ అనలేదు. ఇది మంచి సూచనే. ఐనా నా బుద్ధి నాది. ఎవరూ చూడకుండా ఫ్యాను దగ్గరికి పోయి, వంగి, జాలీ నాలుగు మూలలా వెతికాను. సాలెగూడు లేదు. నిమ్మకాయ కోసం చూస్తే ఒక పట్టాన కనబడలేదు. మిరపకాయలను బట్టి పోల్చుకున్నాను. దాని మీద పొట్టు ఎంత మందంగా పట్టిందంటే అది నిమ్మకాయో, గోడకు కొట్టిన పిడకో తెలియడం లేదు. గోటితో గీకి చూశాను. లోపల పసుపు రంగు తగిలింది.

"ఏం చేస్తున్నవ్ రా ఆడ?" అక్క గొంతు, వెనక నుంచి. మునుపటంత పెద్దగా లేదు, అయినా ఉలిక్కిపడ్డాను.

"ఏం లేదక్కా. దండం పెట్టుకుంటున్న."

"పెట్టుకో, మంచిగ పెట్టుకో" అంది. "బామ్మర్ది వస్తడు, వంగి చూస్తడు అని మీ బావ పొద్దున్నే అన్నడు. అన్నం పెట్టిన, రా. ఈసారి తినేటప్పుడు నోరు మూసుకొని తిను."